ప్రవక్తల దృష్టిలో గోత్రస్వాస్థ్యము

ప్రాచీన ఇశ్రాయేలీయుల చరిత్రలో భూమికిని గోత్రమునకును గల సంబంధము మిక్కిలి గాఢమైనది. పితరులనుండి సంక్రమించిన భూమిని తెలుగు బైబిలు ‘స్వాస్థ్యము’ అని పేర్కొన్నది. లోకవ్యవహారమున ఈ పదమునకు ఆరోగ్యమని అర్థము. వ్యుత్పత్తిని బట్టి చూచినచో తన నెలవున తాను నిలిచియుండుట యని అర్థము. నెలవు తప్పిన ప్రజలకు స్వాస్థ్యమెక్కడిది? ప్రవక్తలు ఎదుర్కొన్న ప్రశ్న ఇదియే.

యెహోషువ గ్రంథము ప్రకారము కనాను దేశము చీట్లు వేసి గోత్రములకు పంచబడెను. రూబేను, గాదు గోత్రములకును, మనష్షే అర్ధగోత్రమునకును యోర్దాను నదికి తూర్పున భాగములు లభించెను. తక్కినవారు పడమట స్థిరపడిరి. అయితే ఈ హక్కు సంపూర్ణమైన యాజమాన్యము కాదు. భూమి దేవునిదనియు, ప్రజలు ఆయనయొద్ద నివసించు పరదేశులనియు లేవీయకాండము 25వ అధ్యాయము చెప్పుచున్నది. అందుచే శాశ్వత విక్రయము నిషిద్ధమయ్యెను. 50వ ఏట వచ్చు సునాద సంవత్సరమున అమ్ముడుపోయిన పొలము పూర్వపు కుటుంబమునకు తిరిగి చేరవలెను. లేవీయులకు నివాసార్థము 48 పట్టణములు మాత్రమే ఇయ్యబడెను. వారికి గోత్రభూమి లేదు. దేవుడే వారి స్వాస్థ్యమని ధర్మశాస్త్రము పలికినది. భూమి లేకయు స్వాస్థ్యము కలిగియుండవచ్చునను భావమునకు ఇది బీజము.

ఈ ధర్మము రాజులకు కంటకమయ్యెను. క్రీ.పూ. 9వ శతాబ్దమున అహాబు రాజు యెజ్రెయేలులోని నాబోతు ద్రాక్షతోటను కోరి, అంతకంటె మంచి తోటనైనను, వెలనైనను ఇత్తుననెను. నాబోతు పితరుల స్వాస్థ్యమును విడువనొల్లడయ్యెను. అబద్ధసాక్ష్యముపై అతనిని రాళ్లతో కొట్టి చంపిరి. ఏలీయా ప్రవక్త రాజును ఎదిరించి, హత్యను భూహరణమును ఒక్క నేరముగనే ఖండించెను.

క్రీ.పూ. 722 ప్రాంతమున ఉత్తర రాజ్యము అష్షూరీయుల వశమయ్యెను. క్రీ.పూ. 586 ప్రాంతమున బబులోనీయులు యెరూషలేమును ధ్వంసము చేసిరి. నగరము ముట్టడిలో నుండగనే, చెరసాల ప్రాంగణమున బంధితుడైన యిర్మీయా 17 తులముల వెండి తూచియిచ్చి, అనాతోతులోని తన పినతండ్రి కుమారుని పొలమును కొనెను. క్రయపత్రములను బారూకు మట్టికుండలో భద్రపరచెను. శత్రువుల చేత చిక్కిన పొలము వ్యవహారదృష్టికి నిరర్థకమే. కాని ఆ పత్రము, ప్రజలు మరల ఆ దేశమున ఇండ్లను పొలములను కొందురను వాగ్దానమునకు సాక్ష్యమయ్యెను.

క్రీ.పూ. 597లో చెరగొనిపోబడిన వారిలో యెహెజ్కేలు ఒకడు. కెబారు నదీతీరమున నివసించిన ఈ ప్రవక్త, క్రీ.పూ. 573 ప్రాంతమున తాను చూచిన దర్శనములో దేశమును తిరిగి విభజించెను. గోత్రములన్నియు యోర్దానుకు పడమటనే, తూర్పు నుండి పడమరకు సాగు పట్టీలుగా, సమానభాగములు పొందవలెను. పవిత్రస్థలమునకు ఉత్తరమున ఏడు గోత్రములు, దక్షిణమున ఐదు గోత్రములు నిలుచును. అధిపతి ప్రజల స్వాస్థ్యమును అపహరింపరాదని స్పష్టముగా విధింపబడెను. నాబోతు మరణమునకు ఇది ధర్మశాసనరూపమైన సమాధానము వలె నున్నది.

అన్నిటికంటె విశేషమైన విధి 47వ అధ్యాయము చివర కలదు. ఇశ్రాయేలీయుల మధ్య నివసించి బిడ్డలను కనిన పరదేశులకు, వారు ఏ గోత్రమున నివసింతురో ఆ గోత్రమునందే స్వాస్థ్యమియ్యవలెను. పూర్వశాసనము ప్రజలనే పరదేశులని పిలిచినది. ఈ ప్రవచనము పరదేశినే వారసునిగా చేసినది.

క్రీ.పూ. 538 ప్రాంతమున కోరెషు అనుమతిపై కొందరు తిరిగి వచ్చినను, ఈ విభాగము అమలు కాలేదు. ఉత్తర గోత్రములు గోత్రములుగా మరల నిలువలేదు. అందుచే యూదులలో పలువురు దీనిని మెస్సీయ కాలమునకు అన్వయించిరి. క్రైస్తవుల ప్రకటన గ్రంథమున పండ్రెండు గోత్రముల నామములు నూతన యెరూషలేము గుమ్మములపై కానవచ్చును. సరిహద్దురాళ్లపై నుండవలసిన పేర్లు ద్వారములపైకి చేరినవి.

ఈ పరిణామమునకు మూలము చెర. భూమి చేజారినప్పుడు స్వాస్థ్యమనగా హద్దులు గల పొలము మాత్రమే కాదనియు, బలవంతునినుండి బలహీనునికి రక్షణ, పొరుగువానికి సమభాగము, వచ్చి స్థిరపడినవానికి స్థానము కూడ అందులో నిమిడియున్నవనియు ప్రవక్తలు గ్రహించిరి. తరతరములుగా పరభాషాప్రాంతములందు కాపురముండి అచ్చటనే బిడ్డలను పెంచుచున్న తెలుగువారికి ఈ ప్రాచీన శాసనము అర్థము కానిది కాదు.