తాళం వేసి పోయిన ఊరు: అల్ జజీరా అల్ హమ్రా

రస్ అల్ ఖైమా సిటీ నుంచి దుబాయ్ దిక్కు వస్తుంటే, దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో సముద్రం పక్కన ఒక పాత ఊరు ఉంది. పేరు అల్ జజీరా అల్ హమ్రా, అంటే ఎర్ర దీవి. వీడియోల్లో దీన్ని దయ్యాల ఊరు అంటరు. ఒక సెలవు రోజు పోయి చూసిన. దయ్యాలు కనపడలేదు, గోడలు కనపడ్డయి.

సైట్లో పని చేయించేవాణ్ని కాబట్టి నా కన్ను ముందు గోడ మీదకే పోతది. పాత ఇళ్ల గోడలు సముద్రం నుంచి తీసిన పగడపు రాళ్లవి. రాయి నిండా సన్నని బొక్కలు ఉంటయి, అందుకే బరువు తక్కువ, ఎండ వేడి తొందరగా లోపలికి రాదు. పైకప్పుకు మడ చెట్ల దుంగలు వాడారు. అవి తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చేవి. దుంగ ఎంత పొడవుంటే గది అంతే వెడల్పు, అందుకే గదులన్నీ ఇరుకు.

ఈ ఊరిని నిలబెట్టింది ముత్యాలు. 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడ సుమారు 500 ఇళ్లు ఉండేవి. ఎక్కువమంది జాబ్ అనే తెగవాళ్లు. ఎండాకాలం నాలుగు నెలలు మగవాళ్లంతా పడవల మీదనే. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి కట్టుకొని ఒక్క ఊపిరి మీద అడుగుకు దిగేవారు. పైన ఒకడు తాడు పట్టుకొని ఉండేవాడు. వాడు లాగితేనే వీడు బతుకుతాడు.

జీతం లేదు, వాటా మాత్రమే. సీజన్‌కు ముందు నఖుదా, అంటే పడవ కెప్టెన్, అడ్వాన్స్ ఇచ్చేవాడు. ముత్యాలు అమ్మినాక ఆ అప్పు పోను మిగిలిందే చేతికి. చాలామందికి అప్పు తీరేది కాదు. తండ్రి చనిపోతే కొడుకు మీద పడేది. వీసా అప్పుతో విమానం ఎక్కిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ముత్యాలు బొంబాయి బజారుకు చేరేవి. మన హైదరాబాద్‌లో బస్రా ముత్యాలని పేరుపడ్డవి ఈ గల్ఫ్ ముత్యాలే. నిజాం నగల్లో కూడా ఉన్నాయి.

తర్వాత జపాన్‌లో మికిమోటో 1893లో చిప్పలో ముత్యాన్ని పెంచి చూపించాడు. 1920ల్లో పెంపుడు ముత్యాలు మార్కెట్‌కు వచ్చాయి. 1929లో ప్రపంచ మాంద్యం వచ్చింది. సముద్రం ఎండిపోలేదు, వీళ్లు పని మరిచిపోలేదు. ఎక్కడో ధర పడిపోయింది, ఇక్కడ పొయ్యి ఆరింది.

అయినా ఊరు ఒక్కరోజులో ఖాళీ కాలేదు. చేపలతో, మేకలతో ఇంకో ముప్పై, నలభై ఏళ్లు నెట్టుకొచ్చింది. ఆ రోజుల్లో ఈ తీరం మగవాళ్లు కువైట్, సౌదీ, బహ్రెయిన్‌లకు కూలికి పోయేవారు. అంటే మనకంటే ముందు వలస కూలీలు వీళ్లే. 1958లో అబుదాబిలో ఆయిల్ బయటపడింది. 1968లో పాలకుడితో తగాదా వచ్చి, జాబ్ తెగవాళ్లలో చాలామంది ఊరు విడిచి అబుదాబి పోయారు. అక్కడ అల్ జాబ్ అనే ఏరియాకు పేరు వాళ్లతోనే వచ్చింది. తర్వాత కొందరు ఈ దిక్కు తిరిగొచ్చినా, పక్కన కొత్త ఇళ్లలో ఉన్నారు గానీ పాత ఇళ్లలోకి రాలేదు. ఇప్పుడు ప్రభుత్వం ఆ ఊరికి మరమ్మతులు చేయిస్తోంది.

ఒక ఇంటి తలుపు ముందు చాలాసేపు నిలబడ్డ. మా ఇల్లే యాదికొచ్చింది. జగిత్యాల దిక్కు మా ఊళ్లో గల్ఫ్ పైసలతో రెండు అంతస్తులు కట్టిన. పిల్లల చదువు కోసం ఇంటివాళ్లు టౌన్‌లో ఉంటున్నరు. నేనిక్కడ. ఇంటికి తాళం. మా వాడలో అట్లాంటి ఇళ్లు ఇంకా ఉన్నయి. మేమూ ఎక్కడో ఉండే ఒక్క ధర మీదనే బతుకుతున్నం.

ఆ రాత్రి రూమ్‌కు వచ్చి నాయినకు ఫోన్ చేసిన. గల్ఫ్ రాకముందు మన ఊరు దేని మీద బతికిందో చెప్పమన్న. గంటసేపు చెప్పిండు. ఈసారి రాసి పెట్టుకున్న.