తెగిన నరం తిరిగి అతికిన కథ

మన చంకలో నరాల అల్లిక ఒకటి ఉంది. దాని పేరు బ్రాకియల్ ప్లెక్సస్. మెడ దగ్గర ఐదు వేర్లుగా పుట్టి, మూడు కాండాలుగా కలిసి, ఆరు పాయలుగా చీలి, తిరిగి మూడు మోకులుగా పేనుకుని, ఆఖరుకు ఐదు పెద్ద నరాలుగా చేతిలోకి దిగుతుంది. విజయవాడ వాళ్లకు చెప్పాలంటే, ప్రకాశం బ్యారేజీ దగ్గర తూర్పుకు మళ్లిన నీళ్లు ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువలుగా చీలినట్టన్నమాట. కాకపోతే కాలువలు విడిపోయాక మళ్లీ కలవవు. ఈ నరాలు కలుస్తాయి, విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. చిక్కంతా అక్కడే.

ఎంబీబీఎస్‌లో చేరిన కొత్తలో చాలా కాలేజీల్లో డిసెక్షన్ చేతితోనే మొదలవుతుంది. పుస్తకంలో ధమని ఎర్రగా, సిర నీలంగా, నరం పసుపుగా ఉంటాయి. టేబుల్ మీద, ఫార్మలిన్‌లో నానిన శరీరంలో, అన్నీ ఒకే మట్టిరంగు. కొవ్వు ఏదో నరం ఏదో తేల్చుకునేలోపు చెయ్యి తడబడుతుంది. నరం తెగుతుంది. ఇక ఆ ఏడాది ఆ టేబుల్ దగ్గర ఆ నరాన్ని ఎవరూ మొదటినుంచి చివరిదాకా చూడలేరు. వెనక వరసలో నిలబడ్డవాళ్లకైతే తెగకముందు కూడా ముందువాళ్ల భుజాలే కనిపించి ఉంటాయి.

గుంటూరులో వైద్య కళాశాల 1946లో వచ్చింది. విజయవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల 1980లో వచ్చింది. ఇన్ని తరాల విద్యార్థులూ ఈ టేబుళ్ల చుట్టూనే నిలబడ్డారు. గురువుల చేతిలో ఉన్న సాధనం రంగు చాక్‌పీసు. నల్లబల్ల మీద ఎర్ర గీత, దాని పక్కన నీలం గీత, వాటిని చుట్టుకుంటూ పసుపు గీత. చూస్తుండగానే చంక లోపలి భాగమంతా బోర్డు మీద పూసేది. గంట మోగితే డస్టర్‌తో చెరిగిపోయేది. ఆ గీతల పనితనాన్ని నేను తక్కువగా చూడను. నరం ఏ క్రమంలో సాగుతుందో అంత చక్కగా చెప్పే మరో పద్ధతి చాలాకాలం రాలేదు. కానీ తెగిన నరాన్ని అతికించి మళ్లీ చూపించగల ఉపాయం కోసం ప్రపంచంలో చాలామంది, చాలా దూరాల్లో, చాలా ఏళ్లు తంటాలు పడ్డారు.

మొదట రష్యాలో ఒక సంత. పందొమ్మిదో శతాబ్దం నడిమి రోజులు. నికొలాయ్ పిరొగోవ్ అనే శస్త్రవైద్యుడు చలికాలంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ సంతలో నడుస్తుంటే, గడ్డకట్టిన పంది కళేబరాలను కసాయివాళ్లు రంపంతో అడ్డంగా కోయడం కనిపించిందని చెబుతారు. ఆ కోతలో ఏ అవయవమూ జారిపోలేదు, దేని చోటున అది ఉంది. ఆయన మనిషి శరీరాన్ని కూడా అలాగే గడ్డకట్టించి పలకలుగా కోశాడు. 1850లలో ఆ బొమ్మలతో పెద్ద అట్లాసు వెలువడింది. అయితే ఒక లోపం మిగిలిపోయింది. రంపం కోసేటప్పుడు పొట్టు రాలుతుంది కదా. ఒక పలకకూ ఇంకో పలకకూ మధ్య శరీరం కొంత పొట్టుగా పోయింది. అన్ని పలకలూ దొంతరగా పేర్చినా మనిషి తిరిగి పూర్తిగా రాడు.

తరువాతి మలుపు ఒక బొమ్మల పెట్టెది. 1938లో అమెరికాలోని ఒరెగాన్ గుహల దగ్గర విలియం గ్రూబర్ అనే జర్మన్ వలసదారు రెండు కెమెరాలను పక్కపక్కన బిగించి ఫొటోలు తీస్తున్నాడు. పియానోలు శ్రుతి చేయడం ఆయన వృత్తి. అటుగా వచ్చిన హెరాల్డ్ గ్రేవ్స్‌కు ఆ జంట కెమెరాలు వింతగా తోచి పలకరించాడు. గ్రేవ్స్‌ది పోస్టుకార్డులు అమ్మే కంపెనీ. ఆ పలకరింపులోంచి మరుసటి ఏడాది వ్యూమాస్టర్ పుట్టింది. కళ్లకు ఆనించి మీట నొక్కితే బొమ్మ లోతుగా కనబడే ఆ చిన్న పెట్టెను మన పిల్లలూ ఎరుగుదురు. డేవిడ్ బాసెట్ అనే అనాటమీ ఆచార్యుడికి మాత్రం అందులో డిసెక్షన్ హాలు కనిపించింది.

1948లో బాసెట్, గ్రూబర్ కలిసి పని మొదలుపెట్టారు. బాసెట్ ఒక పొర విప్పేవాడు, గ్రూబర్ ఫొటో తీసేవాడు, తరువాత ఇంకో పొర. ఇలా ఏళ్ల తరబడి సాగింది. 1952 నుంచి 1962 వరకు సంపుటాలుగా వచ్చిన ఆ అట్లాసులో 1500కు పైగా జంట చిత్రాలున్నాయి. ఒకసారి విప్పిన పొరను ఎన్నిసార్లయినా, అదీ లోతుతో సహా, చూసుకునే వీలు దాంతో కలిగింది. ఇంత ఓపికకూ చేయెత్తి మొక్కాలి. అయినా చూసేవాడు బాసెట్ నిలబడ్డ చోటునుంచే చూడాలి. పక్కనుంచి ఎలా ఉంటుందో, కిందినుంచి ఎలా ఉంటుందో అడగడానికి లేదు.

బొమ్మలవాళ్లు ఈ కథలోకి మరోసారి వచ్చారు. నార్వేలో ఆస్మండ్ లేర్డాల్ అనే బొమ్మల తయారీదారు 1960లో ఊపిరి ఊదడం నేర్పే ప్లాస్టిక్ బొమ్మను చేశాడు. నీట మునిగిన తన చిన్న కొడుకును స్వయంగా బతికించుకున్న తండ్రి ఆయన. రోగి మీద చెయ్యి వేసేముందు బొమ్మ మీద నేర్చుకోవడమనే ఆచారం దాంతో వైద్య కళాశాలల్లో మరింత పాతుకుంది.

ఇక 1986. ఆ ఏడాది నవంబరు 1న, ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా, విజయవాడలో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం మొదలైంది. తరువాత అది ఆయన పేరే పెట్టుకుంది. వైద్య విద్యకు విడిగా ఒక విశ్వవిద్యాలయం ఉండాలన్న ఆలోచన మన దేశంలో తొలిగా రూపం కట్టిన చోట్లలో అదొకటి. సరిగ్గా అదే ఏడాది వాషింగ్టన్ పక్కనున్న అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయంవాళ్లు రాబోయే కాలానికి ప్రణాళిక రాసుకుంటూ, రేపటి గ్రంథాలయం పుస్తకాలతో ఆగదని, శరీరపు చిత్రాలను కంప్యూటర్ తీగల మీద పంపే రోజు వస్తుందని ఊహించారు. ఈ రెండు చోట్లకూ అప్పట్లో ఒకరి సంగతి ఒకరికి పట్టి ఉండదు. కానీ నాకు ఈ రెండు సంఘటనలూ పక్కపక్కనే పెట్టి చూడాలనిపిస్తుంది.

ఆ ఊహను పనిలో పెట్టే బాధ్యత గ్రంథాలయంలో మైకేల్ ఏకర్‌మన్‌కు వచ్చింది. 1991లో కొలరాడో విశ్వవిద్యాలయానికి కాంట్రాక్టు దక్కింది. అక్కడ విక్టర్ స్పిట్జర్, డేవిడ్ విట్లాక్ అనే ఇద్దరున్నారు. పిరొగోవ్‌ను ఓడించిన రంపపు పొట్టే వాళ్లకూ ఎదురైంది. వాళ్లు దాన్ని దాటిన తీరు వింటే మన కొండపల్లి బొమ్మల వడ్రంగికి వెంటనే అర్థమవుతుంది. కోయొద్దు, చిత్రిక పట్టు! గడ్డకట్టిన శరీరాన్ని పలకలుగా కోసి, ఆ పలకలను భద్రం చేయాలని పిరొగోవ్ లాంటివాళ్లు చూశారు. వీళ్లు పైనుంచి ఒక మిల్లీమీటరు గీకేసి, ఆ పొట్టును ఊడ్చేసి, కింద మిగిలిన నున్నటి ముఖాన్ని ఫొటో తీశారు. మళ్లీ ఒక మిల్లీమీటరు గీకి మళ్లీ ఫొటో. పోయినదాన్ని దాచుకోవాలన్న ఆరాటం వదులుకుని, మిగిలినదాన్ని చూడటమే ఇక్కడి కిటుకు.

ఉపాయం దొరికినా శరీరం దొరకలేదు. మరీ ముసలివాళ్లై ఉండకూడదు, గాయాలూ పెద్ద జబ్బులూ ఉండకూడదు, యంత్రంలో పట్టే పొడవుండాలి. అలాంటివాళ్లు చనిపోవడమే అరుదు. రెండేళ్లకు పైగా వెతుకులాట సాగింది. ఆఖరుకు 1993 ఆగస్టు 5న టెక్సాస్ జైలులో విషపు ఇంజెక్షన్‌తో మరణశిక్ష అమలైన 39 ఏళ్ల జోసెఫ్ పాల్ జెర్నిగన్ శరీరం వచ్చింది. తన దేహాన్ని విజ్ఞానానికి ఇస్తూ ఆయన సంతకం చేశాడు. ఆ దేహం ప్రపంచమంతా తిరుగుతుందని ఆయనకు తెలిసే అవకాశం లేదు. పేరు బయటికి రాకూడదని అనుకున్నారు, పత్రికలవాళ్లు పట్టేశారు. శిక్ష పడి చనిపోయిన మనిషి సంతకాన్ని స్వేచ్ఛగా చేసిన దానం అనగలమా? ఈ ప్రశ్న అప్పుడూ లేచింది. ఈ కథను ఎంత మెచ్చుకుంటూ చెప్పినా నాకు ఈ చోట గొంతు కొంచెం తగ్గుతుంది.

శరీరానికి ముందు సీటీ, ఎమ్మారై తీశారు. తరువాత నీలిరంగు జెలటిన్‌లో ఉంచి గడ్డకట్టించి, యంత్రంలో పట్టేందుకు నాలుగు దిమ్మెలు చేశారు. ఒక్కో మిల్లీమీటరే చిత్రిక పడుతూ పోయారు. పొరపాటు జరిగితే మళ్లీ తీయడానికి లేదు. గీకిన పొర అప్పటికే పొడి. అందుకే ఒకే ముఖాన్ని మూడు కెమెరాలతో తీశారు. ఆఖరి పొర గీకేసరికి టేబుల్ మీద మనిషి లేడు. 1871 చిత్రాలున్నాయి. మొత్తం 15 గిగాబైట్లు. 1994 నవంబరులో వాటిని ప్రపంచానికి విడుదల చేశారు. ఏడాది తరువాత మేరీలాండ్‌కు చెందిన 59 ఏళ్ల స్త్రీ చిత్రాలు వచ్చాయి. ఈసారి పొర మిల్లీమీటరులో మూడో వంతు, చిత్రాలు 5000 పైచిలుకు.

కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేతులు, తల, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల మక్కుతో అతుకుతారు. ఈ చిత్రాలకు మక్కు కంప్యూటర్ లెక్క. 1871 చిత్రాలనూ ఒకదానిమీద ఒకటి పేర్చి, ప్రతి చిత్రంలో ఒకే నరం చుక్కను పట్టుకుని కలుపుకుంటూ పోతే ఆ నరం మెడనుంచి వేలిదాకా లేచి నిలబడుతుంది. దాన్ని పక్కకు తిప్పొచ్చు, కిందినుంచి చూడొచ్చు, కండను తీసేసి మళ్లీ పెట్టొచ్చు. బాసెట్‌కు కుదరనిది ఇది.

అయితే అది కృష్ణా తీరానికి చేరేదెలా? మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న, అదీ ముందు మహానగరాల్లో. అప్పటి డయలప్ వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. ఆ లెక్కన 15 గిగాబైట్లు దిగాలంటే లైను ఒక్కసారీ తెగకుండా 145 రోజులు కావాలి. బెజవాడ ఎండాకాలంలో కరెంటు ఒక్క పూట పోకుండా ఉంటే గొప్ప, 145 రోజుల మాట ఎక్కడ! సీడీలకెక్కిస్తే ఒక్కోదానిలో 650 మెగాబైట్లు, అంటే పాతిక దాకా కావాలి. కాబట్టి మొదట వచ్చింది అసలు దత్తాంశం కాదు, దానిలాంటి చిత్రాలను ఏరి చేసిన పాఠాల సీడీలు. అప్పటికీ విద్యార్థి చేతిలో ఉన్నది చౌరాసియా రాసిన అనాటమీ పుస్తకమే. 1979లో తొలిసారి అచ్చయిన ఆ పుస్తకంలోని గీతలు మన విద్యార్థి తెల్లకాగితం మీద తిరిగి గీయగలిగేంత తేలికవి. పరీక్షలో అదే అక్కరకొచ్చేది.

2004 సెప్టెంబరు 20న డెల్టాకు దక్షిణాన శ్రీహరికోటనుంచి, చదువు కోసమే తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహం లేచింది. తరగతి గదిని ఆకాశం మీదుగా పంపే ఆశ అది. విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎన్టీఆర్ మెడ్‌నెట్ పేరున ఆన్‌లైన్ గ్రంథాలయాన్ని అల్లి, తన కింది కళాశాలలకు జర్నళ్లను అందించే పని చేపట్టింది. 2018లో మంగళగిరి ఎయిమ్స్ తొలి విద్యార్థులు, సొంత భవనాలు సిద్ధమయ్యేదాకా, సిద్ధార్థ వైద్య కళాశాల ఆవరణలోనే పాఠాలు విన్నారు. 2019లో దేశమంతటా ఎంబీబీఎస్ పాఠ్యక్రమం మారింది. ఏం చదివావన్నదానికంటే ఏం చేయగలవన్నదానికి పెద్దపీట వేశారు. ప్రతి కళాశాలలో బొమ్మలతో, నమూనాలతో చెయ్యి తిరగడానికి స్కిల్స్ ల్యాబ్ ఉండాలన్నారు. లేర్డాల్ బొమ్మ అరవై ఏళ్లకు నియమం అయింది.

ఆ కొత్త పాఠ్యక్రమంలో చేరిన తొలి బ్యాచ్ మొదటి ఏడాది పూర్తికాకముందే 2020 మార్చి వచ్చింది. కళాశాలలు మూతపడ్డాయి. డిసెక్షన్ హాలుకు తాళం పడింది. గుడివాడలో ఉన్నవాడు గుడివాడలోనే, అవనిగడ్డలో ఉన్నమ్మాయి అక్కడే, ఫోను తెరమీద అనాటమీ చూడాల్సి వచ్చింది. వందేళ్లుగా అందరూ కోరుకున్నది ఒక్కసారిగా దొరికినట్టే. ఎవరి భుజాలూ అడ్డం లేవు. అందరిదీ ముందు వరసే. అప్పుడు తెలిసొచ్చింది ఇంకో లోటు. తెరమీది నరం ఎంత లాగినా బిగుసుకోదు. నరానికీ సిరకూ తేడా వేలికి తెలియాలి. సిర నొక్కితే అణుగుతుంది, నరం దారంలా గట్టిగా తగులుతుంది. ఆ తేడా జెర్నిగన్ చిత్రాల్లో లేదు, సీడీలో లేదు, ఫోనులో లేదు. అది మళ్లీ తలుపులు తెరిచాకే, టేబుల్ దగ్గరే దొరికింది.

ఇప్పుడు మనిషంత పొడవున్న తెర బల్లలు కూడా వచ్చాయి. వేలితో గీస్తే చర్మం విడుతుంది, ఇంకో వేలితో మూసుకుంటుంది. వాటిలో కొన్నింటికి ఆధారం అమెరికా చిత్రాలు, వాటి తరువాత కొరియా, చైనాలలో ఇంకా పలచగా చిత్రిక పట్టి తీసినవి. ఒకప్పుడు అనుమతి పత్రం మీద సంతకం పెట్టి తెచ్చుకోవాల్సిన ఆ 1871 చిత్రాలు 2019నుంచి ఎవరైనా ఊరికే దింపుకోవచ్చు. 145 రోజుల పని ఒక సాయంత్రంలో అయిపోతుంది.

గుణదలలోని ఏదో హాస్టలు గదిలో రాత్రి ఒక విద్యార్థిని చంక దగ్గరి చిత్రాలను కిందికీ పైకీ జరుపుకుంటూ, ధమని ముందు రెండు పాయలు కలిసి మీడియన్ నరంగా మారే చోటును వెతుకుతుంది. దాటిపోతే వేలితో వెనక్కి లాగుతుంది. నరం మళ్లీ మొదటినుంచి వస్తుంది. తెల్లవారి తెల్లకోటు వేసుకుని హాలులోకి వెళ్తుంది. టేబుల్ మీది మనిషికి చేతులు జోడించి, తోటివాళ్లతో కలిసి ప్రమాణం చెబుతుంది. తరువాత ఫోర్‌సెప్స్ తీసుకుని, రాత్రి చూసిన చోటే, కొవ్వును కొంచెం కొంచెంగా పక్కకు జరపడం మొదలుపెడుతుంది.