రెంటచింతల ఎండా, ఒక సిరప్ సీసా

గురజాల అనగానే నలగామరాజు, నాగమ్మ, కోడిపందెం. పల్నాడు చరిత్ర అక్కడే ఆగిపోయినట్టు మాట్లాడుకుంటాం. 2000ల మొదట్లో ఉమ్మడి గుంటూరు జిల్లా హెచ్‌ఐవీ బాగా ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ఒకటి. ఆ చరిత్ర గురించి ఎవరూ పెద్దగా రాయరు. అందులోనూ పిల్లల మందుల గురించి అసలే రాయరు.

తల్లికి జిడోవుడిన్ ఇస్తే బిడ్డకు సోకడం మూడింట రెండు వంతులు తగ్గుతుందని 1994లోనే తేలింది. కానీ గర్భంతో ఉండగానే మాత్రలు, కాన్పప్పుడు సెలైన్, పుట్టాక బిడ్డకు ఆరు వారాల సిరప్. మన ఆస్పత్రులకు అది అయ్యే పని కాదు. 1999లో ఉగాండా నుంచి వేరే కబురొచ్చింది: నొప్పులు మొదలవగానే తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, మూడు రోజుల్లోపు బిడ్డకు కాస్త సిరప్. సోకడం దాదాపు సగానికి పడిపోయింది. 2002 నుంచి మన ప్రభుత్వాసుపత్రుల్లోకి వచ్చింది ఈ పద్ధతే.

ఆ ఒక్క మాత్రలోనే చిక్కుంది. ఒకే మోతాదు మిగిల్చిన వైరస్ కొందరిలో నెవిరపిన్‌కి లొంగడం మానేసింది. మందు వేసినా సోకిన పిల్లలకు మళ్ళీ అదే ఇస్తే పనిచేయకపోవచ్చు. అప్పుడు మిగిలింది లోపినావిర్ సిరప్. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడేళ్ళలోపు పిల్లలకు దాన్నే సిఫార్సు చేసింది. నోట పెట్టలేనంత చేదు, నలభై శాతం పైగా ఆల్కహాలు, పైగా ఫ్రిజ్‌లో ఉంచాలి. గురజాల పక్కనే ఉన్న రెంటచింతల, వేసవి వార్తల్లో తప్పక వినిపించే పేరు. అక్కడ కూలికెళ్ళే ఇంట్లో ఫ్రిజ్ ఉందనే అనుకుందాం. "ఈ సీసా ఏంటమ్మా?" అని పక్కింటావిడ అడిగితే ఆ తల్లి ఏం చెప్పాలి?

ఇంతకన్నా మంచి మందు ఎందుకు రాలేదంటే, ధనిక దేశాల్లో హెచ్‌ఐవీతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. కొనేవాళ్ళు లేరు. మా సాఫ్ట్‌వేర్‌లో డబ్బు కట్టని యూజర్ అడిగిన ఫీచర్ ఎప్పుడూ వచ్చే క్వార్టర్‌కే, ఇదీ అంతే. 2013లో పెద్దలకు దొరికిన డోలుటెగ్రావిర్, పసివాళ్ళకు నీళ్ళలో కరిగే మాత్రగా రావడానికి 2020 పట్టింది. దాని చవక రకం తెచ్చిన కంపెనీల్లో వయాట్రిస్ ఒకటి. మన హైదరాబాద్ మాట్రిక్స్ లేబొరేటరీస్‌ని కొన్న మైలాన్, ఆ ఏడాదే వయాట్రిస్‌గా మారింది. ఒక బిడ్డకు ఏడాది మందుల ఖర్చు 480 డాలర్ల పైనుంచి 120 లోపుకి దిగింది.

ఆ మాత్రకి స్ట్రాబెరీ రుచి. ఫ్రిజ్ అక్కర్లేదు, కొంచెం నీళ్ళుంటే చాలు.