జీతం కింద పోయిన సీమ

గుత్తి కోట ఎక్కినవాళ్లు కొండ అంచున ఉన్న చిన్న మండపం దగ్గర ఆగకుండా ఉండలేరు. ఈ కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే అక్కడే కూర్చునేవాడని చెబుతారు. కింద కనుచూపు మేరా ఎర్రమట్టి, రాళ్ల గుట్టలు, వానకు ముఖం వాచిన మెట్టచేలు. 1776లో హైదర్ అలీ ముట్టడి సాగుతుండగా పైన నీళ్లు అయిపోయాయి. అంతటి ఘోర్పడే వీరుడు దాహానికి తలవంచి, హైదర్ చెరలోనే కన్నుమూశాడు.

అయ్యో, ఆ తర్వాత ఈ నేల ఎన్ని చేతులు మారింది! 1792 శ్రీరంగపట్నం సంధిలో హైదర్ కొడుకు టిప్పు సగం రాజ్యాన్నీ, 3 కోట్ల 30 లక్షల రూపాయలనూ ఒప్పుకున్నాడు. పూచీగా ఇద్దరు పసికొడుకులను ఈస్టిండియా కుంపిణీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ దగ్గరికి పంపాడు. కడప నిజాం వాటాకు వచ్చింది. నిజామూ పేష్వా ఆనాడు కుంపిణీ పక్షాన నిలవకపోయి ఉంటే? వాళ్లు నిలిచారు. ఏడేళ్లకు మళ్లీ యుద్ధం వచ్చి, 1799 మే 4న టిప్పు నేలకూలాడు. ఈసారి గుత్తి, గుర్రంకొండ కూడా నిజాంవే.

ఎంతకాలం? ఏడాదిన్నర. హైదరాబాదులో కాపలా ఉండే కుంపిణీ పటాలాల జీతాల కోసం 1800 అక్టోబరు 12న రెండు యుద్ధాల్లో వచ్చిన సీమనంతా నిజాం కుంపిణీకే రాసిచ్చాడు. దత్త మండలాలయ్యాం. ఒక్క ఊరి రెడ్డినీ ఎవరూ అడగలేదు.

కుంపిణీ కలెక్టరుగా థామస్ మన్రో అనంతపురంలో కచేరీ పెట్టాడు. ఎనభైమంది దాకా పాలెగాళ్లు తమ బంట్లనూ, కావలి హక్కులనూ పోగొట్టుకున్నారు. కొందరు తవర్జీ అనే భరణం మీద బతికారు. పాలెగాళ్లు పుణ్యాత్ములని నేననను. వాళ్ల దోపిడీలు ఊళ్లకు తెలుసు. కానీ వాళ్ల కోపమైనా, దయైనా పిలిస్తే పలికేంత దూరంలో ఉండేది. ఇక శిస్తు లెక్కలు మద్రాసులో తేలాలి.

ఒక్కసారి గాలి మళ్లేలా కనిపించింది. పొలాలన్నీ కొలిపించిన మన్రో, రైతు ఇంత మోయలేడని గ్రహించాడు. 1807లో సెలవు తీసుకునే ముందు శిస్తులో నాలుగో వంతు తగ్గించమని రాశాడు. పైవాళ్లు కాదన్నారు. ఊళ్లను గుత్తకు ఇచ్చారు. వాన మొహం చాటేసిన ఏళ్లలోనూ గుత్త సొమ్ము కట్టాల్సిందే. గుత్తలు చెడ్డాయి, కాపులు చితికిపోయారు.

మన్రో గవర్నరై తిరిగొచ్చాకే, 1820లో, ఆ తగ్గింపు దక్కింది. ఈ సీమ అతన్ని ప్రేమించింది, బిడ్డలకు అతని పేరూ పెట్టుకుంది. కానీ ఆ పదమూడేళ్లలో ఎద్దులమ్ముకుని ఊరొదిలినవాళ్లకు ఆ నాలుగో వంతు ఎవరిచ్చారు?