వోల్గా నది నల్లముత్యాలు

'కేవియార్' అన్న మాటను నేను తొలిసారి ఎరిగినది వంటింట కాదు, షేక్స్పియర్ 'హామ్లెట్' నాటకంలో. సామాన్య జనానికి రుచించని ఒక నాటకాన్ని హామ్లెట్ ఈ పదార్థంతో పోలుస్తాడు. శాకాహారిని గనుక నేను దానిని రుచి చూడలేదు. ఆ ఉపమానాన్ని పట్టుకొని దాని చరిత్రలోకి మాత్రం తొంగిచూశాను.

మన గోదావరి వాసులు చేప కడుపులోని గుడ్లను 'జన' అంటారు. స్టర్జన్ అనే చేప జనను ఉప్పులో ఊరవేస్తే కేవియార్ అవుతుంది. కాస్పియన్ సముద్రపు కేవియార్‌లో మూడు రకాలు ప్రసిద్ధం. బెలూగా గుడ్లు అన్నిటికన్న పెద్దవి, బూడిదవన్నె నుండి నలుపు వరకు ఉంటాయి. ఒసెత్రా గోధుమవన్నెలో, ఒక్కొక్కప్పుడు బంగారు ఛాయలో ఉంటుంది. సెవ్రూగా గుడ్లు చిన్నవి. వర్తకులు వీటి డబ్బాలకు వరుసగా నీలి, పసుపు, ఎరుపు మూతలు పెట్టేవారు.

రష్యను భాషలో 'మలొస్సోల్' అంటే 'కొద్దిపాటి ఉప్పు' అని అర్థం. ఉప్పు తగ్గేకొద్దీ రుచి పెరుగుతుంది, నిలువ గుణం తగ్గుతుంది. కాబట్టి దానిని సున్నకు అటూ ఇటూ రెండు డిగ్రీల సెల్సియస్ చలిలో ఉంచాలి. ఉప్పు వల్ల సున్న దగ్గర అది గడ్డకట్టదు. అంతకంటె బాగా చల్లబరచి గడ్డకట్టిస్తే గుడ్డుపొర చిట్లి ముద్దయిపోతుంది. మూత తీసిన డబ్బాను రెండు మూడు రోజులలో ముగించాలి. వెండి చెంచా తగిలితే లోహపు రుచి వస్తుందని ముత్యపుచిప్ప చెంచా వాడతారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? ఆడ బెలూగా ఈడేరడానికి సుమారు 15 ఏళ్ళు పడుతుంది. జన కోసం దాని పొట్ట చీలుస్తారు. 1950ల చివర వోల్గోగ్రాద్ వద్ద కట్టిన ఆనకట్ట, గుడ్లు పెట్టడానికి వోల్గాలో ఎదురీదే ఈ చేపల దారి మూసింది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత దొంగవేట పెచ్చుమీరింది. 1998 నుండి స్టర్జన్ జాతులన్నిటి అంతర్జాతీయ వర్తకం 'సైటీస్' ఒడంబడిక అదుపులోకి వచ్చింది. నేడు అంగళ్ళలో దొరికేది చాలావరకు పెంపకపు చేపలదే. అందులో చైనాది అగ్రస్థానం.

ఈ కథ మనకు పరాయిది కాదు. వరదనీటికి ఎదురీదే పులసకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అడ్డుగోడే. ఆ ఆనకట్ట మన డెల్టాకు అన్నం పెట్టింది, కాదనను. కాని జన నిండిన చేపను అపురూపమని ఎగబడి కొనే ముందు, అది ఎందుకు అపురూపమైనదో ఒక్కసారి ఆలోచించడం మన కనీస ధర్మం.