భాగ్యరెడ్డి వర్మ

మాదరి భాగ్యరెడ్డి వర్మ (1888 మే 22 – 1939 ఫిబ్రవరి 18) హైదరాబాదుకు చెందిన దళితోద్యమ నాయకుడు, విద్యాదాత, పత్రికా సంపాదకుడు. పరులు తగిలించిన పేరును తిరస్కరించి, తమ పేరు తామే పెట్టుకునే హక్కు కోసం పోరాడిన వైతాళికుడు.

తొలి కృషి

హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టిన ఆయన అసలు పేరు భాగయ్య. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలు, భజనల ద్వారా దళిత వాడల్లో చైతన్యం రగిలించారు. 1911లో అది మన్య సంఘంగా మారింది. దేవదాసీ, జోగిని దురాచారాలను, మద్యపానాన్ని, జంతుబలులను ఎదిరించారు.

పాఠశాలలు

1910లో ఇసామియా బజారులో దళిత పిల్లల కోసం తొలి పాఠశాల తెరిచారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో అక్కడ చదువు తెలుగులో సాగింది. క్రమంగా పాఠశాలలు 26కు, విద్యార్థులు సుమారు 2,500కు పెరిగారు.

బెజవాడ సభ

1917 నవంబరులో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభకు ఆయన అధ్యక్షులు. దళితులకు తగిలించిన ‘పంచమ’ పదానికి శాస్త్రాల్లో ఆధారం లేదనీ, తాము ఈ నేల మూలవాసులమనీ వాదించారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను గుర్తించింది. నిజాం రాజ్యంలో 1931 జనగణన ‘ఆది హిందువులు’ అనే పేరును నమోదు చేసింది.

పత్రిక

1931లో ఆయన ‘భాగ్యనగర్’ పక్షపత్రికను ప్రారంభించారు. తరవాత అది ‘ఆది హిందూ’గా మారింది. ఆయన రాసిన ‘వెట్టి మాదిగ’ అందులోనే వెలువడింది. వెట్టిచాకిరిలో నలిగిన మనిషి బతుకును అచ్చులోకి తెచ్చిన తొలినాటి తెలుగు దళిత రచనల్లో అదొకటి. దళితుల మాటను దళితుల పత్రికే వినిపించినట్టు, 1827లో న్యూయార్కులో శామ్యూల్ కార్నిష్, జాన్ రస్‌వర్మ్ ‘ఫ్రీడమ్స్ జర్నల్’ పెట్టినది కూడా నల్లజాతి వారి మాట వారి నోటనే వినిపించడానికి. అమెరికాలో నల్లజాతి వారు సొంతంగా నడుపుకున్న తొలి పత్రిక అది.

వారసత్వం

ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో ‘ఆది ఆంధ్ర’ పేరు నేటికీ ఉంది. బెజవాడ సభలో పలికిన ఆ మాట ఇలా శాసనానికెక్కింది.