ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు ఎవరిది?



మన జనగామకు, మహబూబాబాద్‌కు, భూపాలపల్లికి సముద్రం లేదు. అయినా మన పూర్వికులు చెరువులకే సముద్రమని పేరు పెట్టుకున్నారు. గణపురంలో కోటగుళ్ళతో పాటు గణపసముద్రం ఉంది. బయ్యారం పెద్దచెరువును తవ్వించిన మైలాంబ దానికి ధర్మకీర్తిసముద్రమని పేరు పెట్టింది. ఆమె కాకతీయ గణపతిదేవునికి తోబుట్టువు. ఆ గణపతిదేవునికి నిజమైన సముద్రం ఒడ్డున కూడా ఒక రేవు ఉండేది. దాని పేరు మోటుపల్లి. ఓరుగల్లు రాజ్యానికి అదే సముద్ర ద్వారం.

కొంతకాలం క్రితం చీరాల వైపు కూడికలకు వెళ్ళినప్పుడు మేము ఆ ఊరు చూసి వచ్చాము. చినగంజాం మండలంలో చిన్న పల్లె అది. దారిలో ఉప్పు మడులు, సరుగుడు తోటలు, తాటిచెట్లు. ఒకప్పుడు విదేశాల ఓడలు వచ్చిన చోటంటే నమ్మబుద్ధి కాదు.

ఒడ్డున బతికేవాళ్ళతో కాసేపు మాట్లాడితే ఒక సంగతి అర్థమైంది. మనం వాన కోసం ఆకాశం వైపు చూస్తాం. వాళ్ళు ఆకాశాన్నీ, నీటినీ రెండింటినీ చూస్తారు. అన్నం పెట్టేదీ సముద్రమే, మనిషిని తీసుకుపోయేదీ సముద్రమే. వేటకు పోయిన పడవ తిరిగి వచ్చేవరకు ఇంట్లో వాళ్ళకు నిద్ర ఉండదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం అన్న మాట వింటే ముసలివాళ్ళు లేచి కూర్చుంటారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయారు. తీరప్రాంతం దాన్ని ఇంకా మరచిపోలేదు.

అలాంటి ఒడ్డుకు అప్పుడప్పుడు పగిలిన ఓడలు కొట్టుకొస్తాయి. వాటిలోని సరుకు ఎవరిది? పూర్వం రాజుల జవాబు ఒకటే: మాది. తుఫానులో చిక్కి తీరానికి విసిరివేయబడిన ఓడలోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసుకునేవారు. ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడికి కట్టుబట్టలే మిగిలేవి.

1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. దానిని అభయ శాసనం అంటారు. పూర్వపు రాజుల ఆ పద్ధతిని అందులో దాచకుండా చెప్పి, ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే వదిలేస్తున్నానని ప్రకటించాడు. సుంకం ముప్పై వంతుల్లో ఒక వంతు. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పగడాలు, పట్టు, మిరియాలు వంటి సరుకుల పేర్లు కూడా రాయించాడు.

ఇది కేవలం దయ అనుకోవద్దు. దయతో పాటు కీర్తి కోసం, పుణ్యం కోసం కూడా ఇలా చేస్తున్నట్టు శాసనమే చెబుతుంది. దోచుకునే రేవుకు రెండోసారి ఓడ రాదని కూడా ఆ రాజుకు తెలిసే ఉంటుంది. కారణం ఏదైనా, ఆపదలో ఉన్నవాడి సొమ్ము ఆపద చూసినవాడికి చెందదని రాతి మీద చెక్కించాడు. ఆ శతాబ్దం చివరలో ఈ తీరం గురించి రాసిన మార్కో పోలో ఇక్కడి సన్నని వస్త్రాలను, ఇక్కడ ఏలిన రాణి న్యాయపాలనను మెచ్చుకున్నాడు. కాకతీయుల తరువాత కొండవీటి అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు.

ఇది చదివినప్పుడు మాకు అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలు గుర్తుకొచ్చాయి. పౌలు ఎక్కిన ఓడ మెలితే ద్వీపం దగ్గర బద్దలైంది. అందులో 276 మంది. చెక్కలు పట్టుకుని తడిసి వణుకుతూ ఒడ్డెక్కారు. ఆ ద్వీపవాసులకు సువార్త తెలియదు, ధర్మశాస్త్రం తెలియదు. అయినా వాళ్ళు ముందు సరుకు కోసం వెదకలేదు. వానలో, చలిలో నిప్పు రాజేశారు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మేము మునుపు సేవ చేసిన ఒక ఊరిలో పత్తి పూర్తిగా దెబ్బతిన్న ఏడు, ఒక సహోదరుడు అప్పుల ఒత్తిడికి ఎకరం పొలం సగం ధరకే అమ్ముకున్నాడు. కొన్నవాడు కూడా అదే సంఘంలో విశ్వాసి. ఆదివారం కృతజ్ఞతార్పణ తెచ్చి, "అయ్యగారూ, దేవుడు పొలం ఇచ్చాడు, ప్రార్థన చేయండి" అన్నాడు. మేము చేశాము. పొలం అమ్ముకున్న ఆయన వెనక చాప మీద కూర్చుని, అందరితో కలిసి ఆమేన్ అన్నాడు. ఆ ఆమేన్ మాకు ఇప్పటికీ వినబడుతుంది. అది దేవుడు ఇచ్చిన పొలమా, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకా అని ఆ రోజు మేము అడగలేదు.

లాభం పాపం కాదు ప్రియులారా. గణపతిదేవుడూ ముప్పైలో ఒక వంతు తీసుకున్నాడు. కానీ పొరుగువాడి ఓడ పగిలిన రోజున మనకు చవకగా దొరికినదాన్ని ఆశీర్వాదమని పిలిచే ముందు ఒక్క నిమిషం ఆగాలి. ఆస్పత్రి ఖర్చుకు అమ్మే బర్రెలు, పెళ్ళి అప్పుకు తాకట్టు పెట్టే పుస్తెలతాడు, వడ్డీ కట్టలేక వదులుకునే ఇంటిజాగ - మన ఊళ్ళలో సముద్రం లేదు గానీ, పగిలిన ఓడలకు కొదవ లేదు. కొనాల్సి వస్తే న్యాయమైన ధర ఇవ్వండి. వీలైతే, చేతికి డబ్బు వచ్చినప్పుడు తిరిగి తీసుకొమ్మని మాట ఇవ్వండి. లేవీయకాండము 25వ అధ్యాయం ఈ వారం కుటుంబంగా చదవండి.

మోటుపల్లి రేవుకు ఇప్పుడు ఓడలు రావు. ఆ అభయపు మాట మాత్రం రాతి మీద మిగిలింది. మన చేత ఒడ్డెక్కినవారి జ్ఞాపకంలో నిప్పు మిగలాలా, దోపిడీ మిగలాలా? ప్రభువు మనకు మెలితే ద్వీపవాసుల మనసు దయచేయును గాక. ఆమేన్.